అడుగున పరిచిన గుడ్డ

“ఆ గంట దారిలో ఎక్కడైనా పడిపోతే ఏం చేస్తావే? అంతమంది పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. కొట్టాల్సిన వేళకి నీ చేతిలో గంట ఉండదు. అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటావు?”

కూతురు ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. భుజాన వేలాడే సంచీలోంచి గుప్పెడంత ఇత్తడి గంట తీసి బల్లమీద పెట్టింది, అంతే. తల్లికి అంతకంటే అక్కర్లేదు. గంట పడిపోవడం, దానిమీద ఎవరో కాలు వేసి జారడం, వాళ్ళ నడుం విరగడం, ఆ నేరానికి కూతురి ఉద్యోగం ఊడటం, అన్నీ ఆమె కళ్ళముందు వరసగా జరిగిపోయాయి.

“పడితే మోగుతుంది కదమ్మా. గంట కదా,” అంది కూతురు.

“నవ్వు నవ్వు. నీకన్నీ ఆటలే. పిడికి గుడ్డపీలిక కడతాను. మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకో. చెయ్యి జారినా కింద పడదు.”

అప్పటికే ఆమె కుట్టుపెట్టె తీసి పాత దుప్పటి అంచు చింపుతోంది. కూతురు గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ప్రాంతీయ ప్రభుత్వంవారి పెట్టుబడుల ఆఫీసులో పనిచేస్తుంది. ఏడాదికోసారి పొడిగిస్తే ఉండే ఉద్యోగం, పొడిగించకపోతే ఊడే ఉద్యోగం. ఈ వారం జరగబోయే సదస్సులో ఒక్క కంపెనీ సంతకం పెట్టినా నిన్ను పర్మనెంటు చేయిస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. ఆ మాట విన్నప్పటినుంచీ తల్లికి తిండి సరిగ్గా సహించడం లేదు. మంచి కబురు ఇంటికొచ్చిందంటే దాని వెనకాల ఏదో దాక్కుని వచ్చి ఉంటుందని ఆమె నమ్మకం.

సదస్సంటే ఆమెకి అర్థమైంది ఇది. పొలాల్లో మిగిలే చొప్ప, ఊక, పిప్పి లాంటివాటితో వస్తువులు తయారుచేసే కంపెనీలని ఒక వరసలో బల్లల దగ్గర కూర్చోబెడతారు. ఆ చొప్పా ఊకా మా దగ్గర కావలసినంత ఉంది, మా దగ్గరికొచ్చి ఫ్యాక్టరీ పెట్టండి అని అడిగే ప్రాంతాలవాళ్ళని ఎదురుగా కూర్చోబెడతారు. కాసేపు మాట్లాడుకోగానే గంట కొడతారు. ప్రాంతాలవాళ్ళు లేచి పక్క బల్లకి జరుగుతారు. మళ్ళీ మాటలు. మళ్ళీ గంట.

“సంబంధాలు చూడటమేగా,” అంది తల్లి, పీలిక ముడి పళ్ళతో బిగిస్తూ. “కాకపోతే ఆ కంపెనీలవాళ్ళు పెళ్ళికూతుళ్ళలాగా కూర్చుంటారు. మీ ప్రభుత్వాలవాళ్ళు గుమ్మం గుమ్మం ఎక్కి దిగుతారు. బొత్తిగా ఎవరూ పిల్లనివ్వని వాళ్ళలాగా.”

కూతురు నవ్వబోయి మానేసింది. అది తల్లి చూసింది.

“జ్వరమేమైనా తగిలిందా?”

“లేదమ్మా.”

“మరి సదస్సు మా హాల్లోనే కదా. నేనక్కడ కనపడతాను. గుర్తుందిగా.”

“గుర్తుంది. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు,” అంది కూతురు, బళ్ళో అప్పజెప్పినట్టు.

ఆ నియమం తల్లి పెట్టిందే. ఆ పెద్ద హాలు కింది అంతస్తులో బల్లగుడ్డలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసే గదిలో ఆమె పని. కూతురు ఆఫీసువాళ్ళు అదే హాల్లో సమావేశాలు పెడుతుంటారు. బల్లగుడ్డలు ఉతికేదాని కూతురని తెలిస్తే కుర్చీ వేయమనే నోటితోనే కుర్చీ తుడవమంటారని ఆమె భయం. మెట్లమీద ఎదురుపడినా సరే, గుడ్డల మూటకి మొహం చాటుచేసుకుని వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయాక, పిల్ల చిక్కిపోయిందని రోజంతా బెంగపెట్టుకుంటుంది.

“అమ్మా,” అంది కూతురు, గంటని అటూ ఇటూ తిప్పుతూ. “ఆ గది పని ఎప్పుడైనా మానేయాలనిపించిందా నీకు?”

“మానేసి ఏం తినమంటావు? ఈ గంటా?”

 తల్లి లేచి ఆ పిల్ల నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. అదీ అనుమానంగానే తోచింది ఆమెకి.

మర్నాడు గుడ్డల గదిలో ఆవిరి గొట్టం బుసకొడుతోంది. ఎత్తయిన చెక్కబల్లమీద తెల్లగుడ్డ పరిచి, తల్లి నీళ్ళు చిలకరిస్తూ ఇస్త్రీపెట్టె నడిపిస్తోంది. ఆ గదిలో అందరూ ఆమెని జాగ్రత్తమ్మ అంటారు. ఇస్త్రీపెట్టె ఆర్పి ఇంటికి బయల్దేరాక మళ్ళీ వెనక్కొచ్చి ఆర్పిందో లేదో చూసుకోకుండా ఆమె ఏనాడూ వెళ్ళలేదు. పెద్ద గుడ్డలు ఇద్దరు చెరోవైపు పట్టుకుని దులిపి మడతపెట్టాలి. అందరూ మూలలు చేత్తో పట్టుకుంటే, ఆమె మాత్రం మూలని ఎడమ మణికట్టుకి ఒక చుట్టు చుట్టి పట్టుకుంటుంది. ఉతికిన గుడ్డ జారి నేలకి తగులుతుందేమోనని.

“అది గుడ్డే, పారిపోయే దూడ కాదు,” అంటుంది పెద్దక్క, రోజుకొకసారైనా. పెద్దక్క ఆ గదిలో అందరికంటే పాతది. నాలుకమీద గంజి ఎక్కువ, గుడ్డమీద తక్కువ అని సూపర్‌వైజరే ఆమెని వెక్కిరిస్తాడు.

ఆ గదివాళ్ళు సదస్సుల్ని మరకలనిబట్టి గుర్తుపెట్టుకుంటారు. డాక్టర్ల సదస్సైతే సిరా మరకలు. వ్యాపారులదైతే నూనె, కూర, గోళ్ళతో గీకిన గీతలు. ప్రభుత్వాలవాళ్ళదైతే టీకప్పుల అడుగు గుండ్రాలు, ఒకదానిమీద ఒకటి, ఒకే చోట. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ మనిషి చెయ్యి తప్ప ఇంకేదీ కదల్లేదనడానికి సాక్ష్యంలాగా.

సూపర్‌వైజర్ రెండు అట్టపెట్టెలు మోయించుకుని వచ్చాడు. మూత చింపి ఒకటి విప్పి చూపించాడు. పాలమీగడ రంగులో, పల్చగా, నున్నగా ఉంది. పట్టుకుంటే కరకరమంటోంది.

“సదస్సుకి బల్లలన్నిటికీ ఇవే వెయ్యాలి. మన గుడ్డ ఒక్క బల్లకి వేసి ఉంచండి. తేడా చూపించడానికంట.”

“ఇది గుడ్డా, కాగితమా?” అంది పెద్దక్క.

“బయో. మొక్కజొన్న చొప్పతో చేసింది. ఒకసారి వేసి తీసి పారెయ్యడమే. మట్టిలో కలిసి ఎరువైపోతుంది.”

“మరి మన గుడ్డ దేంతో చేశారు? రాళ్ళు పిండా? పత్తి చేలో కాస్తుందా, గనిలో తవ్వుతారా?”

“అది పాత బయో,” అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

ఆ మధ్యే చేరిన కొత్తపిల్ల అడిగింది: “తీసి పారేస్తే మరి మనమేం ఉతకాలి సార్?”

సూపర్‌వైజర్ ఆవిరి గొట్టంవైపు చూశాడు, జవాబు అందులోంచి రావాలన్నట్టు. “నెలాఖరుదాకా పనుంటుంది. ఆ తర్వాత... చూడాలి.”

“ఏం చూడాలి?”

“నన్నడిగితే నేనేం చెప్పను? ఆ కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీ పెట్టాలంటే ముందు మీ ప్రభుత్వమే మా సరుకు కొనాలి అన్నారట. ఏం కొనాలా అని పైవాళ్ళు తల పట్టుక్కూచున్నారట. అప్పుడు పెట్టుబడుల ఆఫీసులో ఆ కళ్ళజోడు పిల్ల ఉందే, గంట కొట్టే పిల్ల, ఆ అమ్మాయి చెప్పిందట. మన హాలుంది కదా, హాల్లో బల్లలున్నాయి కదా అని.”

కాలిన వాసన వచ్చింది. జాగ్రత్తమ్మ ఇస్త్రీపెట్టె గుడ్డమీదే ఆగిపోయింది. ఎత్తేసరికి కింద గోధుమరంగు మచ్చ, పెట్టె ఆకారంలోనే పడింది. కొత్తపిల్ల నోటిమీద చెయ్యి వేసుకుంది. జాగ్రత్తమ్మ గుడ్డ కాల్చడం ఆ గది ఎప్పుడూ చూడలేదు.

“చూశారా, పిచ్చిదానికి చెయ్యే ఆడటం లేదు,” అంది పెద్దక్క, వచ్చి ఆమె చేతిలోంచి పెట్టె తీసుకుంటూ. “ఇంతమంది కడుపు కొట్టింది. ఆ కళ్ళజోడుని ఏ తల్లి కన్నదో గాని, బాగా కన్నది. కనేముందు ఒకసారి ఇటొచ్చి మమ్మల్ని అడిగి ఉంటే బాగుండేది.”

జాగ్రత్తమ్మ కాలిన చోట నీళ్ళు చల్లి గుడ్డముక్కతో రుద్దసాగింది, ఆ మచ్చ పోదని తెలిసి కూడా. పోకపోయినా రుద్దుతూనే ఉంది, వాళ్ళంతా వేరే మాటల్లో పడేదాకా.

సాయంత్రం కూతురు వచ్చేసరికి తల్లి వాకిట్లోనే నిలబడి ఉంది. ఇంట్లోకి నడిచేదాకా ఆగి, తలుపు గడియపెట్టి, అప్పుడు అడిగింది.

“ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?”

కూతురు సంచీ దించింది. ఏం అడుగుతున్నావని అనలేదు. అందుకు తల్లి లోపల్లోపల కొంచెం సంతోషించింది, ఆ సంతోషానికి తనమీదే తనకి ఒళ్ళు మండింది.

“నేనన్నది చేతులు తుడుచుకునే కాగితాల సంగతమ్మా. కాగితం రుమాళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, అవి మార్చండి చాలు అన్నాను. డైరెక్టరు కంపెనీవాళ్ళ ముందు ఊపులో బల్లగుడ్డలన్నీ అనేశాడు. అందరూ బల్లలు చరిచారు. ఆలోచన నాదని కూడా చెప్పాడు. మెచ్చుకుంటున్నట్టు.”

“నువ్వు అడ్డం చెప్పలేదా?”

“ఎలా చెప్పను? ఎందుకొద్దు అంటారు. అక్కడ మనుషులు పనిచేస్తున్నారండి అంటే, నీకెలా తెలుసు అంటారు.” కూతురు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. “నాకు నువ్వెవరో తెలీదు కదా.”

“బాగుంది. తిప్పి తిప్పి తప్పు నా నెత్తికే చుట్టావు. చదువు అబ్బిందని ఇప్పుడు తెలిసింది.”

“చుట్టడం లేదమ్మా. జరిగింది చెప్తున్నాను.”

“ఆ డైరెక్టరు మొహం నాకు తెలీదనుకున్నావా? పోయిన సదస్సులో చెయ్యి కడుక్కుని బల్లగుడ్డ అంచుకి తుడుచుకున్నాడు. పక్కనే రుమాలుంది. అంత కురచ మనిషి మాటకి నువ్వు తలాడించావు. సరే, ఆడించావు. ఇంటికొచ్చి నాతో చెప్పడానికేమైంది? గంట తెచ్చి చూపించావు, మురిపెంగా.”

“చెబుదామనే తెచ్చాను. నువ్వు దానికి పీలిక కడుతూ కూర్చున్నావు.”

 పక్కింట్లో ఎవరో కుర్చీ ఈడ్చుకున్నారు. తల్లి పొయ్యిదగ్గరికి వెళ్ళి, మంట తగ్గించి, మళ్ళీ పెంచి, మళ్ళీ తగ్గించింది.

“రేపు చెప్పేస్తాను,” అంది కూతురు. “అందరి ముందే చెప్పేస్తాను.”

తల్లి గిర్రున తిరిగింది. “నోరెత్తావంటే ఊరుకోను. ఒకళ్ళ ఉద్యోగం పోతోంది, చాలు. ఇద్దరివీ పోతే ఈ ఇంటి తాళం ఎవరికిచ్చి ఎక్కడికి పోతాం? నువ్వు పర్మనెంటు అవుతావు. నేను ఎక్కడో అక్కడ అంట్లు తోముకుంటాను. అక్కడ నువ్వెవరో నాకు తెలీదు. అంతే.”

“అమ్మా...”

“అంతేనన్నానా.”

కూతురు సంచీ తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల నడుస్తుంటే సంచీలో గంట మోగింది, పీలిక చుట్టి ఉన్నా సరే. 

సదస్సు రోజు పొద్దున్నే గుడ్డల గదివాళ్ళంతా పైన హాల్లో ఉన్నారు. బల్లలకి కుచ్చిళ్ళు పెట్టడం ఆ పనిలోకల్లా నాజూకైనది. గుడ్డ అంచుని రెండువేళ్ళ వెడల్పున మడుస్తూ, ప్రతి మడత వెనకాలా గుండుసూది కనపడకుండా గుచ్చుతూ బల్లచుట్టూ తిరగాలి. కొత్త గుడ్డ దానికి లొంగలేదు. మడిస్తే తేలిపోతోంది. సూది గుచ్చితే చీరుకుపోతోంది. నున్నటి బల్లమీదనుంచి సర్రున జారి కింద పడుతోంది. కొత్తపిల్ల పరిచినవైపు సర్దుకుంటే పెద్దక్క పరిచినవైపు జారింది.

“వంట్లో ఎముకే లేదు దీనికి,” అంది పెద్దక్క, గుండుసూదులు పళ్ళమధ్య పట్టుకుని. “పై ఆఫీసులో చేరితే పైకొచ్చేది.”

సూపర్‌వైజర్ చెమటలు తుడుచుకుంటూ ఫోన్లు చేశాడు. ఎవరితోనో “అవునండి, అలాగేనండి” అని, వచ్చి అన్నాడు: “ముందు మన గుడ్డలు పరచండి. వాటికి కుచ్చిళ్ళు పెట్టెయ్యండి. వాటిమీద ఇవి వెయ్యండి. జారవు.”

“అంటే కింద మనదే?”

“కిందది కనపడదు కదా.”

వాళ్ళు మెట్లు దిగి, తెల్లగుడ్డలు మోసుకొచ్చి, దులిపి పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, పైన ఆ మీగడరంగువి కప్పారు. జాగ్రత్తమ్మ ఒక్కో బల్ల దగ్గరా వంగి అడుగుగుడ్డ మూల నేలకి తగులుతోందేమో చూసింది. పెద్దక్క చూసి నవ్వింది. “నెలాఖరుకి పోయేదానివి. ఇంకా మూలలు చూస్తున్నావా?”

డైరెక్టరు వచ్చాడు. కోటుకి ఒక ఆకుపచ్చ ఆకు గుచ్చుకున్నాడు. అది ప్లాస్టిక్‌ది. వేదికమీద మైకు పుచ్చుకుని, వనరులు మావి, వివేకం మీది, భవిష్యత్తు మనది అన్నాడు. చొప్పని బంగారమన్నాడు. రైతుని దేవుడన్నాడు. హాల్లో చొప్పా లేదు, రైతూ లేడు. గుడ్డల గదివాళ్ళు చేతులు కట్టుకుని వెనక గోడకి వరసగా నిలబడ్డారు, ఎక్కడైనా ఏదైనా జారితే సర్దడానికి.

కూతురు వేదిక పక్కన నిలబడి ఉంది. మణికట్టుకి పీలిక, పీలికకి గంట. కొట్టింది. ప్రాంతాలవాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు.

జాగ్రత్తమ్మకి ఎదురుగా ఉన్న బల్లదగ్గర మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. ఒక ప్రాంతంవాడు స్థలం ఊరికే ఇస్తామన్నాడు. గంట మోగింది. అతను లేచాడు, ఆ కుర్చీ వేడి చల్లారకముందే ఇంకో ప్రాంతంవాడు కూర్చుని, స్థలమూ నీళ్ళూ ఊరికే అన్నాడు. తర్వాతవాడు రోడ్డు కూడా వేయిస్తామన్నాడు. గంట మోగినకొద్దీ వాళ్ళు ఇచ్చేది పెరుగుతోంది, కంపెనీవాళ్ళు తలాడించేది తగ్గుతోంది. తినుబండారాల పళ్ళెం మాత్రం కంపెనీవాళ్ళవైపే జరుగుతోంది. ఇంకో రెండు గంటలు మోగితే ఇల్లూ వాకిలీ రాసిచ్చి, ఊడ్చిపెట్టడానికి మనిషిని కూడా పంపేట్టున్నారని ఆమెకి అనిపించింది. ఇందుకా తన కూతురు నెల్లాళ్ళు నిద్ర మానుకుని తిరిగింది?

టీ వచ్చింది. వేదిక ముందున్న పెద్ద బల్లమీద సెగలు కక్కే టీ కెటిల్ తెచ్చి పెట్టారు. కాసేపటికి ఆ కొత్త గుడ్డ కెటిల్ చుట్టూ ముడుచుకోవడం మొదలుపెట్టింది. మెల్లిగా, నిప్పుదగ్గర వెంట్రుకలాగా. నడిమధ్యన అరచేయంత కన్నం పడి, అందులోంచి తెల్లటి గంజిపెట్టిన గుడ్డ కనపడింది. డైరెక్టరు చూశాడు. చూసి, పూలకుండీ ఎత్తి దానిమీద పెట్టాడు. పెట్టి, ఎవరైనా చూశారా అన్నట్టు హాలంతా కలయజూశాడు. గోడదగ్గర ఆడవాళ్ళంతా చూశారు. వాళ్ళు చూడటం ఒక లెక్కలోకి వచ్చే సంగతి కాదు గనక అతను నిశ్చింతగా కోటు సర్దుకున్నాడు.

ఆ కొత్త గుడ్డల కంపెనీ పెద్దమనిషి ఒకాయన, నెరిసిన జుట్టు, అలిసిన కళ్ళు, సంతకం పెట్టడానికి కలం చేతిలోకి తీసుకున్నాడు. పక్కనే తేడా చూపించడానికి ఉంచిన బల్ల ఉంది. ఆ తెల్లగుడ్డ అంచు రెండువేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు.

“చాలా బాగా చేశారే. ఇప్పటిదాకా ఇవన్నీ ఎవరు చూసుకునేవాళ్ళు? రేపు మావల్ల పని పోయిందని ఎవరైనా వచ్చి కూర్చోరు కదా?”

“అబ్బే,” అన్నాడు డైరెక్టరు. “అంతా మెషీన్లండి. మనుషులెవరూ లేరు.”

గోడదగ్గర పెద్దక్క నోట్లో ఉన్న గుండుసూది తీసి చేతిలో పట్టుకుంది.

కంపెనీ పెద్దమనిషి కలం కాగితంమీద పెట్టలేదు. కాగితాలు పట్టుకుని నిలబడిన కూతురివైపు తిరిగాడు. “అవునామ్మా? ఆలోచన మీదే అన్నారు.”

కూతురు తలెత్తింది. డైరెక్టరు భుజం మీదుగా ఆ చూపు వెనక గోడదాకా వచ్చి, వరసలో ఒక మొహంమీద ఆగింది. పెదవులు కదిలాయి. చెప్పేస్తుంది, తల్లికి అర్థమైంది.  ఆమె తల అడ్డంగా ఊపింది, వెంట్రుకవాసి. పసితనంలో ఆ పిల్ల పొయ్యిదగ్గరికి పాకినప్పుడు ఊపినట్టు.

కూతురి నోరు మూతపడింది. చేతిలో కాగితాలవైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ మౌనాన్ని అవుననే అర్థం చేసుకుని పెద్దమనిషి సంతకం పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఫోటోలు తీశారు. పూలకుండీ ఫోటోలో బాగా పడింది.

తల్లి కోరుకున్నదే జరిగింది. ఉద్యోగం నిలిచింది. ఇన్నేళ్ళూ తాను పడ్డ భయాల్లో ఒక్కటీ జరగలేదు, ఆ పిల్లని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ వంచిన తల చూస్తుంటే ఆమెకి అసహ్యం వేసింది. డైరెక్టరుమీదా, కలం మూతపెడుతున్న ఆ పెద్దమనిషిమీదా, అందరికంటే ఎక్కువగా, అడ్డంగా ఊగిన తన మెడమీదా.

సదస్సు అయిపోయాక బల్లలు ఊడదీశారు. కొత్త గుడ్డలు టీలో తడిసి, ఉప్పుబిస్కట్ల పొడి అంటుకుని, చెత్తసంచుల్లోకి వెళ్ళాయి. ఎరువయ్యేచోటికి తీసుకెళ్ళే బండి ఇంకా కుదరలేదని, ప్రస్తుతానికి మామూలు చెత్తలోనే వెయ్యమని సూపర్‌వైజర్ చెప్పి వెళ్ళాడు. అడుగుగుడ్డలు కిందికి తెచ్చి చూస్తే, కన్నం పడినచోట తప్ప ఎక్కడా మరక లేదు.

“ఉతకను కూడా అక్కర్లేదు,” అంది కొత్తపిల్ల. ఏడుపు గొంతులోనే ఉంది.

“మనుషులెవరూ లేరంట,” అంది పెద్దక్క, ఒక గుడ్డ విదిలిస్తూ. “వాడన్నాడంటే వాడి బతుకే అంత, కళ్ళు నెత్తిమీదుంటాయి. ఆ పిల్లకేమైంది? మనవైపు చూసింది, నేను చూశాను. చూసి కూడా మూగమొద్దులా నిలబడింది. ఎవరి కడుపున పుట్టిందో గాని, ఆ తల్లిని పిలిచి అడగాలి. ఏమ్మా, పిల్లకి అన్నీ నేర్పావు, నోరు తెరవడం నేర్పలేదా అని.”

జాగ్రత్తమ్మ పెద్ద గుడ్డ ఒకటి తీసుకుంది. మూలని మణికట్టుకి చుట్టుకుంది. రెండోవైపు పట్టుకునే మనిషికోసం ఆగింది. ఎవరూ రాలేదు. అందరూ తలుపువైపు చూస్తున్నారు.

కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ గది గుమ్మం ఆ పిల్ల ఇంతవరకూ తొక్కలేదు. చేతికి గంట ఇంకా వేలాడుతూనే ఉంది. కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేస్తే తీసి చేత్తో పట్టుకుంది.

పెద్దక్క నడుంమీద చేతులు వేసుకుంది. “ఎవరు కావాలండీ మీకు? ఇక్కడ మనుషులెవరూ లేరు. అంతా మెషీన్లే.”

కొత్తపిల్ల కిసుక్కున నవ్వి ఆపుకుంది. ఆవిరి గొట్టం ఒకసారి బుసకొట్టి ఊరుకుంది. కూతురు తల్లివైపు చూడలేదు. చూడకూడదన్న నియమం ఇంకా పాటిస్తున్నట్టే, నేల చూపులు చూస్తూ నడిచి వచ్చింది. జాగ్రత్తమ్మ చేతినుంచి బల్లమీదుగా వేలాడుతున్న గుడ్డ రెండో కొస పట్టుకుంది. గంట విప్పి, కళ్ళజోడుతో పాటు బల్లమీద పెట్టింది. గుడ్డ మూలని ఎడమ మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, వెనక్కి ఒక అడుగు వేసి, గుడ్డ బిగుతుగా లాగి పట్టుకుని నిలబడింది.

ఇద్దరూ ఒక్కసారే దులిపారు. గుడ్డ గాలి పోసుకుని పైకి లేచి ఫట్‌మని వాలింది. మళ్ళీ దులిపారు. దగ్గరికి నడిచారు, మూలలు కలిపారు, దూరం జరిగారు. ఆ పిల్ల చేతులు తడుముకోలేదు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు వదలాలో చెప్పించుకోలేదు. మడతలమీద మడత పడి, గుడ్డ చిన్నదై, ఇద్దరి చేతుల మధ్యా దిండంత అయింది.

పెద్దక్క చేతులు నడుంమీదనుంచి జారాయి. ఆ పిల్ల మణికట్టువైపు చూసింది. జాగ్రత్తమ్మ మణికట్టువైపు చూసింది. మళ్ళీ ఆ పిల్లవైపు.

“ఈ పట్టు నీకెవరు నేర్పారే పిల్లా?” అంది. గొంతులో వెటకారం లేదు.

కూతురు పెదవి కొరుక్కుంది. చెప్పే మాట నోట్లోనే ఉంది. చెప్పడానికి సెలవు లేదు. గదిలో అందరూ చేస్తున్న పని ఆపారు. ఎక్కడో పైన కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్న చప్పుడు. డైరెక్టరు గొంతు మెట్లమీదనుంచి “గంట ఎక్కడ? ఆ గంట పిల్ల ఎక్కడ?” అని పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు.

తల్లి మడతపెట్టిన గుడ్డని దొంతరమీద పెట్టింది. అంచులు సమంగా ఉన్నాయో లేదో అరచేత్తో ఒకసారి తడిమింది. ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళి, ఆర్పి, ఈసారి తిరిగి చూసుకోకుండా వచ్చి కూతురి పక్కన నిలబడింది.

“నేనే,” అంది. “నేర్పిందీ నేనే. కన్నదీ నేనే.”